సమ్మెటకు సెలవు

"మెడ కదిలించాకు" అన్నాడు ఓబులాచారి, పెళ్లాం జుట్టును మూడు పాయలు చేసి పట్టుకుని.

పాయలు సమానంగా రాలేదు. రోజూ రావు. ఎర్రగా కాలిన ఇనుమును నూలుపోగంత తేడా లేకుండా సాగదీసే ఆ చేతులు, నూనె రాసిన వెంట్రుకల దగ్గరికి వచ్చేసరికి బెదిరిపోతాయి. ఎక్కడ లాగితే ఎక్కడ నొప్పో అని పాయను పట్టీ పట్టనట్టు పట్టుకుంటాడు. అది జారిపోతుంది. మళ్లీ మొదటికొస్తాడు.

నాగేంద్రమ్మ ఎడమ చేత్తో వెనక్కి తడిమి చూసుకుంది.

"ఇది జడా, బాయి మోకా?"

"మోకైతే నాలుగు కాలాలు ఉంటాది. కదలాకు."

పోయిన ఎండాకాలం నుంచీ ఇదే వరస. ఆమె కుడి చెయ్యి భుజం దాకా లేచి అక్కడ ఆగిపోతుంది. దువ్వెన నెత్తి దాకా పోదు. జుట్టు కత్తిరించుకుంటానంటే ఓబులాచారి ఒప్పుకోలేదు, నేనే అల్లుతాననేశాడు. జమ్మలమడుగులో వాళ్ల వీధి వీధంతా కొన్నాళ్లు ఈ చోద్యం చూసి నవ్వింది. నవ్వీ నవ్వీ విసుగొచ్చి మానేసింది.

జడ కొసన రబ్బరు బ్యాండు వేసి అతను కొలిమి దగ్గరికి పోయాడు. ఆమె రాతి తొట్టిలో తలకిందులుగా నిలబెట్టిన సమ్మెటను పైకి తీసింది. రాత్రంతా నీళ్లలో ఉంటేనే కర్ర ఉబ్బి ఇనుప తల బిగిసి ఉంటుంది. ఎండితే వదులైపోతుంది. సాయంత్రం పని ముగియగానే దాన్ని తొట్టిలో పెట్టడం, పొద్దున తీయడం పెళ్లయిన మర్నాటి నుంచీ ఆమె పనే. కూతురు స్వాతి పుట్టిన నాడు కూడా మంచంలోంచే అరిచి ఎవరి చేతో పెట్టించింది.

చూస్తే సన్నటి మనిషి. సమ్మెట కొట్టే మనిషని చెబితే ఎవరూ నమ్మరు. దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది. కుడి భుజం ఎడమ దాని కంటే కిందికి జారి ఉంటుంది. మెడ పక్కన తాడులాంటి నరం ఒకటి ఎప్పుడూ బిగిసే ఉంటుంది. అరచేతులు మొరటుదేలి, కూరలో ఉప్పు చూసేటప్పుడు వేడి తగిలిందో లేదో కూడా ఆమెకు తెలియదు. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పెట్లు అంటారు. అగ్ని మీద జాలిపడ్డారు గాని, ఆ పెట్లు వేసే మనిషి సంగతి సామెత కట్టినవాళ్లకు గుర్తు రాలేదు.

ఆ పొద్దున రెండు గడ్డపారలకే ఆమె పని చేసింది. చుట్టుపక్కల బండల గనుల్లో పనిచేసేవాళ్లు మొనలు అరిగిన గడ్డపారలు తెచ్చి పడేసిపోతారు. వాటిని కాల్చి, సాగదీసి, మొన తీసి, నీళ్లలో ముంచి పదును పట్టి ఇవ్వాలి. ఓబులాచారి ఎడమ చేత్తో గడ్డపార పట్టుకుని, కుడి చేతిలోని చిన్న సుత్తితో ఎర్రటి మొన మీద ఒక చోట తడతాడు. సమ్మెట అక్కడే పడాలి. మళ్లీ ఇంకో చోట తడతాడు. అక్కడ పడాలి. చాలనుకున్నప్పుడు సుత్తితో ఇనుము మీద కాకుండా, దాన్ని ఆనించి కొట్టే దాగలి మీద ఖాళీ చోట ఒక్కటి కొడతాడు. టింగ్. అంటే ఆపమని. ఆ వెంటనే పొరక మోడు తీసి ఇనుము మీద లేచిన పొట్టును ఊడ్చేస్తాడు. ఇన్నేళ్లలో "ఆపు" అని నోటితో అన్నది లేదు. వాళ్ల కాపురంలో మాటల కంటే ఆ టింగులే ఎక్కువ.

రెండో గడ్డపారకు ఆమె ఎడమ చేతి బలంతో, నడుము తిప్పి ఎలాగో సమ్మెట ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ భుజంలో ఏదో గీరుకుపోయింది. పళ్లు బిగబట్టింది. ఓబులాచారి మామూలు కంటే ముందే టింగ్‌మనిపించాడు.

"మొన ఇంకా రాలేదు" అంది ఆమె.

"వచ్చింది లే. అమీర్ వచ్చేదాకా కూచో."

ప్రొద్దుటూరు డాక్టరు చెప్పి ఏడాదైంది. ఈ చెయ్యి ఇంకా సమ్మెట ఎత్తితే కొన్నాళ్లకు అన్నం కలుపుకోవడానికి కూడా రాదన్నాడు. పులివెందులలో ఆసుపత్రి నర్సుగా పనిచేసే స్వాతి, "నా కాడికి రామ్మా, రోజూ భుజానికి వ్యాయామం చేయిస్తా" అని ఫోను చేసిన ప్రతిసారీ అడుగుతుంది. నాగేంద్రమ్మ ప్రతిసారీ ఒకటే చెబుతుంది, కొలిమి చల్లారుతుందని. అది నిజమే. కూలికి సమ్మెట పట్టేవాడు ఊళ్లో దొరకడు. వయసులో ఉన్నవాళ్లు కువైట్‌కైనా పోతారు, కార్లైనా తోలుతారు, ఈ పొగలోకి రారు.

డాక్టరు మాట విన్న మర్నాడు పొద్దున్నే ఓబులాచారి మళ్లీ ప్రొద్దుటూరు పోయి, పాత ఇనుము కొట్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. అక్కడ వెల్డింగు షాపు నడిపే అమీర్ బాషా ఫోనులో ఒక వీడియో చూపించాడట. కరెంటుతో ఆడే సమ్మెట. దాన్ని కొనాలంటే కొలిమీ ఇల్లూ కలిపి అమ్మినా చాలదు. "కొనేదేంది మామా, మనమే చేసుకుందాం" అన్నాడు అమీర్.

అప్పటి నుంచి ఇంటి ముందరి రేకుల షెడ్డు కాస్తా పాత సామాన్ల దుకాణమైంది. మూతపడిన శనక్కాయల మిల్లులోంచి మోటారు వచ్చింది. లారీ స్ప్రింగు పట్టీలు వచ్చాయి. జీపు చక్రం టైరుతో సహా వచ్చింది. కంకర మిషను ఇరుసు ముక్క ఒకటి నలుగురు మోస్తే వచ్చింది, అది దాగలి. మోటారు టైరును తిప్పుతుంది, టైరు లారీ పట్టీలను ఊపుతుంది, పట్టీలకు వేలాడే ఇనుప దిమ్మె దాగలి మీద దెబ్బ మీద దెబ్బ వేస్తుంది. కాలితో మెట్టు తొక్కితే దెబ్బలు, కాలు తీస్తే ఆగుతుంది. చెప్పడానికి ఇంతే. మొదటిసారి తొక్కినప్పుడు కింద పోసిన కాంక్రీటు పగిలింది. రెండోసారి దిమ్మె పట్టీలోంచి ఊడి, షెడ్డు రేకును చీల్చుకుని ఎగిరిపోయింది. ఆచారి రాకెట్టు కడతాండాడని వీధిలో పిల్లలతో సహా అందరూ అన్నారు. ఆ చిల్లు ఇంకా అలాగే ఉంది.

ఇవాళ మూడోసారి. ఇది ఆడితే ఆమె సాయంత్రం బస్సుకు పులివెందుల పోతుంది. ఆడకపోతే గోడ వారగా పేర్చిన గడ్డపారలన్నిటికీ ఆమే సమ్మెట ఎత్తాలి. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు. అందుకే పొద్దున్నుంచీ ఇద్దరూ దాని గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడుకున్నారు.

అమీర్ బాషా మోటారు సైకిలు వెనక దిమ్మెను పట్టీలకు బిగించే కొత్త బందులు గోనెసంచిలో చుట్టి కట్టుకుని వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, కళ్ల చుట్టూ వెల్డింగు అద్దాల మచ్చ. దించుతూనే అరిచాడు.

"అత్తా, సంచి సర్దుకున్యావా?"

"ఆడనీ నాయనా, ఆ తర్వాత సర్దుకుందాం. పోయినసారి సర్దుకుంటే అది రేకు చీల్చుకోని నాకంటే ముందే ఊరికి పాయె."

బందులు బిగించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అమీర్ స్విచ్చు వేశాడు. మోటారు బుసకొట్టింది. ఓబులాచారి మెట్టు మీద కాలు పెట్టి మెల్లగా తొక్కాడు. దిమ్మె ఊగింది, తడబడింది, ఒకసారి తాకింది. ఇంకొంచెం తొక్కాడు. ధబ్, ధబ్, ధబ్. నేల అదిరింది. పెరట్లో కోళ్లు చెల్లాచెదరయ్యాయి. కాంక్రీటు పగల్లేదు. దిమ్మె ఎక్కడికీ పోలేదు.

"కాలినదాన్ని పెట్టు మామా!"

కొలిమిలోంచి ఎర్రటి గడ్డపార వచ్చింది. దిమ్మె కింద ఆ మొన మైనం ముద్దలా సాగడం మొదలైంది. నాగేంద్రమ్మ మూడడుగుల దూరంలో, కొంగు నడుముకు చుట్టి నిలబడి చూసింది. ఎత్తు తగ్గని దెబ్బ. అలుపు లేని దెబ్బ. ఒక్క క్షణం ఆమెకు ఆ యంత్రం మీద అసూయలాంటిది కలిగింది. మరుక్షణమే, కొట్టనీ, జన్మంతా అదే కొట్టనీ అనుకుంది. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి.

అప్పుడు వినిపించింది. టింగ్.

ఓబులాచారి కుడి చేతిలో చిన్న సుత్తి ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. మొన సరిపోయింది, దాగలి అంచున ఒక్కటి కొట్టాడు. నాగేంద్రమ్మ భుజాలు వాటంతటవే దిగిపోయాయి, చేతుల్లో సమ్మెట లేకపోయినా. ఆపమన్నాడు. కానీ దిమ్మె ఆగలేదు. అతని కాలు మెట్టు మీదే ఉంది. ఆగిందనే అతని ఒంటికి తెలుసు, ఎందుకంటే ఇన్నేళ్లూ టింగ్‌మంటే ఆగింది. సుత్తి కింద పెట్టాడు. పొరక మోడు తీశాడు. ఇక ఏం చేస్తాడో లోకంలో ఆమె ఒక్కతికే తెలుసు.

ఏ చెయ్యి లేవదో ఆ చెయ్యే లేచింది. చొక్కా కాలరు పట్టి వెనక్కి ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ బొగ్గు కుప్ప మీద పడ్డారు. కాలు తీయగానే దిమ్మె ఆఖరి దెబ్బ ఒకటి వేసి పైన ఆగింది. గడ్డపార గంగున నేల మీద పడింది. అమీర్ పరుగెత్తి స్విచ్చు ఆపేశాడు.

"ఏందత్తా, ఏమాయె? బాగానే ఆడతాండె కదా!"

దాగలి మీద పొరక మోడు అప్పడంలా అణిగి, కొసన మండుతోంది. ఓబులాచారి దాన్ని చూశాడు. తర్వాత తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"యోవ్" అంది నాగేంద్రమ్మ. "అది నీ పెండ్లాం అనుకున్యావా, టింగ్‌మంటే ఆపేదానికి?"

"అలవాటే..."

"అలవాటు! ఆ మిషనుకు నీ అలవాటు యాడ తెలుస్తాది? నేను ఊరికి పోయినాక నిన్ను ఎవురు గుంజుతారు? పోను. నేను యాడికీ పోను. చెయ్యి పోతే నాది పోనీ, నీదెందుకు?"

గోడకు ఆనించిన సమ్మెట దగ్గరికి పోయి కర్ర పట్టుకుంది. ఓబులాచారి బొగ్గు మీంచి లేవకుండానే చూస్తున్నాడు. ఏడాది పాటు పాత ఇనుము మోసిన మనిషి, రేకు చిల్లు పడినప్పుడు కూడా నవ్విన మనిషి, ఇప్పుడు ఏడ్చేలా ఉన్నాడు.

"నీ జడ అల్లలేక కాదే నేనిది చేసింది" అన్నాడు. "రాత్రిళ్లు నిద్దట్లో మూలుగుతావు. నాకు ఇనపడతాది."

ఆమె చెయ్యి కర్ర మీద అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లలో అతను ఇంత పొడుగు మాట ఆడటం ఆమె వినలేదు. అమీర్ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ ఎటో చూశాడు.

ఆమె సమ్మెట వదిలేసింది. వంగి, నేల మీది చిన్న సుత్తి తీసుకుంది. అతని తండ్రి నాటిది, పిడి అతని వేళ్ల ఆకారానికి అరిగి ఉంది. దాన్ని కొంగుతో తుడిచింది.

"ఇది నేను పట్టుకపోతా."

"యాడికి?"

"పులివెందులకు. ఇది చేతిలో ఉంటే నువ్వు టింగ్‌మనిపిస్తావు. ల్యాకుంటే ఎట్ల అంటావో సూస్తా. చిన్న పనికి వేరే సుత్తులు ఉండాయి కదా, అవి నీ చేతికి అలవాటు ల్యావు, అదే మంచిది."

అమీర్ ముందు నవ్వాడు. తర్వాత ఓబులాచారి నవ్వాడు, బొగ్గు మసి మీద కన్నీళ్ల చారలు పడుతుండగా. ఆమె నవ్వలేదు.

"నగేది కాదు. మళ్ల పెట్టు ఇనుము. నా ముందర."

ఆ మధ్యాహ్నమంతా అతను పని చేశాడు, ఆమె మెట్టు పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మొన రాగానే అతని ఖాళీ కుడి చెయ్యి గాల్లో ఒకసారి ఆడేది. తట్టడానికి ఏమీ దొరక్క, ఎందుకు ఆడిందో గుర్తొచ్చి, కాలు తీసేవాడు. అప్పుడు పొరక అందుకునేవాడు. గోడ వార గడ్డపారలు ఒకటొకటే తరిగాయి. ఎండ దిగేటప్పటికి ఆ చెయ్యి ఆడటం మానేసింది. ఆమె లేచి ముఖం కడుక్కుని చీర మార్చుకుంది.

ఆటో వచ్చింది. సంచిలో రెండు చీరలు, స్వాతికని బెల్లం ఓళిగలు, అన్నిటి కింద సుత్తి. ఆఖరు గడ్డపార కొలిమిలో కాలుతోంది. ఓబులాచారి చేతులు కడుక్కుని, అలవాటుగా సమ్మెట తీసి తొట్టి వైపు నడిచాడు.

"దాన్ని నీళ్లలో పెట్టాకు."

"ఎండితే తల ఊడిపోతాది మే."

"ఊడనీ. తడిపితే రేపు మళ్ల ఎత్తబుద్ధి అయితాది. నీకో, నాకో."

"ఏరు దాటి తెప్ప తగలేసినట్టుండాది నీ యవ్వారం."

"తగలేయల్యా. తడపల్యా, అంతే."

అతను ఒక నిమిషం దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి, గడప పక్కన గోడకు ఆనించి కొలిమి దగ్గరికి పోయాడు. ఆమె ఆటో ఎక్కింది. డ్రైవరు బండి తీయబోతే ఆగమంది. లోపల మోటారు బుసకొట్టింది. ధబ్, ధబ్, ధబ్. ఆమె సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుని వింది. దెబ్బలు కొంతసేపు పడ్డాయి. తర్వాత నెమ్మదించి ఆగిపోయాయి. టింగ్ లేదు. పొరక చప్పుడు మాత్రం చర్రున వినిపించింది.

కాలు తీశాడు. నాగేంద్రమ్మ ఊపిరి వదిలింది. ఎన్నేళ్ల నాటి ఊపిరో అది, వదిలేసరికి ఒళ్లంతా తేలికై, సీట్లో వెనక్కి వాలిపోయింది.

"పోనీ నాయనా" అంది.

ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూసింది. గడప పక్కన సమ్మెట గోడకు ఆనుకుని ఉంది. దాని కర్ర మీద ఆమె చేతులు అరగదీసిన రెండు చోట్లూ సాయంత్రపు ఎండలో నిగనిగలాడుతున్నాయి, ఇనుప తల దగ్గర తడి మెల్లగా ఆరిపోతోంది.