గడియారం ఎవరి చేతిలో ఉండాలి

కుక్కరు మూతలో రబ్బరు కూర్చునే గాడిలోంచి రాజ్మా పొట్టు తీయాలంటే పిన్నీసు కావాలి. పీచు అక్కడికి చేరదు, వేలు పట్టదు. ఆదివారం మా అత్తగారు ఒఫేలియా గారింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను సింకు దగ్గర ఆ పనిమీదే ఉన్నాను. హాల్లో మావారు ఎడిల్సన్, మా మరిది ఫాబెర్, మామగారు కూర్చుని క్రిస్మస్‌కి సముద్రానికి వెళ్ళాలా, కొండమీది పొలానికి వెళ్ళాలా అని తేల్చుకుంటున్నారు. ఎక్కడికి వెళ్ళినా ఈ కుక్కరూ నేనూ కలిసే వెళ్తాం కాబట్టి నన్నెవరూ అడగలేదు. మధ్యలో ఎడిల్సన్ కేకేశాడు, ఫాబెర్‌కే గుర్తులేని అతని సెలవు తారీఖులు చెప్పమని. చెప్పాను. "చూశావా నాన్నా, మా ఇల్లు నడిచేదే దీని బుర్రమీద" అని మురిసిపోయాడు. ఇంతకుముందయితే నేనూ మురిసేదాన్ని.

అత్తగారు పక్కనే నిలబడి పళ్ళేలు తుడుస్తోంది. అత్తా ఒకింటి కోడలే అంటారు కదా, నా మొహం చూసి ఏదో అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి ఓదార్చింది.

"ఇంకెన్నాళ్ళులే అమ్మా. ఫాబెర్ పెళ్ళాం వచ్చిందంటే ఈ సింకు ఆ పిల్లకి అప్పజెప్పి నువ్వూ వెళ్ళి హాయిగా కూర్చుందువుగాని. నువ్వొచ్చాకే కదా నేనూ కూర్చున్నది."

కూర్చున్నానని చెబుతూనే ఆవిడ ఇంకో పళ్ళెం అందుకుంది. నాకు నవ్వొచ్చింది. కానీ రాత్రంతా ఆ సింకు మాట నన్ను వదల్లేదు. తెల్లారి మా ఊరు మెడెలిన్ మెట్రోలో కమ్మీ పట్టుకుని నిలబడ్డా వదల్లేదు.

నేను పనిచేసేది కుక్కర్ల ఫ్యాక్టరీలో. మెకానికల్ ఇంజినీర్‌ని. ఆ మాట నాకు నేనే అప్పుడప్పుడూ గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. కొత్త వస్తువు మొదలుపెట్టేముందు మా దగ్గర ఒక పద్ధతుంది. బల్లచుట్టూ ఆరుగురు కూర్చుంటారు. తలా ఒక కాగితం. అయిదు నిమిషాల్లో ఒక్కొక్కరూ మూడు ఆలోచనలు గీయాలి. సమయం అవగానే కాగితం పక్కవాళ్ళకిచ్చి, తమ దగ్గరికొచ్చిన కాగితంలో ఇంకొకరి ఆలోచనకి తమది జోడించాలి. ఎవరూ మాట్లాడకూడదు. అలా కాగితాలన్నీ ఒక చుట్టు తిరిగాక వాటిని గోడకి అంటించి, ఇప్పుడు అమ్ముడవుతున్న కుక్కరు పక్కన ఒక్కోదాన్నీ పెట్టి, దానికంటే మేలా, నాసా, సమానమా అని గుర్తులు వేస్తారు. గట్టిగా అరిచేవాడి మాట నెగ్గకుండా, మెత్తనివాళ్ళ ఆలోచన కూడా వెలుగు చూడాలని ఎవరో పుణ్యాత్ములు కనిపెట్టిన పద్ధతి. నిజంగా మంచి పద్ధతి. దాన్ని మా ఫ్యాక్టరీకి తెచ్చింది నేనే. నేర్పింది నేనే. అదే నేను చేసిన తప్పయి కూర్చుంది. ఎందుకంటే ఈ ఆటకి ఏడో మనిషొకరు కావాలి. స్టాప్‌వాచ్ పట్టుకుని "పక్కకి ఇవ్వండి" అనడానికి, కాగితాలు సర్దడానికి, గోడమీద గళ్ళు గీయడానికి. ఆ మనిషి తటస్థంగా ఉండాలి కాబట్టి బొమ్మ గీయకూడదు, గుర్తు వేయకూడదు. పదకొండేళ్ళుగా ఆ ఏడో మనిషిని నేను.

"నీ అంత బాగా ఇంకెవరూ నడపలేరు లుస్ దారీ. నువ్వు లేకపోతే వీళ్ళు సంత చేసేస్తారు" అంటాడు, ఆ ఆరుగురిలో ఒకడిగా తనూ కూర్చుని గీసే మా చీఫ్ ఓక్తావియో. పొగడ్తే. పొగడ్తతో కట్టేసిన ముడి విప్పడం ఎంత కష్టమో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కుక్కరు పిడి వేడెక్కకుండా ఏం చేయాలో పోయినేడాది నాకు తట్టింది. గీసే వీల్లేదుగా, నడవాలో కాఫీ తాగుతూ ఆ ఆరుగురిలో ఒకడైన మౌరీసియోకి చెప్పాను. అతను గీశాడు, అది నెగ్గింది, ఆ పని అతని చేతికిచ్చారు. జామపండు మిఠాయి పెట్టె తెచ్చిచ్చి, నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి అన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి అందరికీ పంచాను. ఆ రోజు నేను సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే మౌరీసియోమీద కంటే ఆ సంతోషంమీదే ఎక్కువ కోపం వస్తోంది.

ఈసారి గీయాల్సింది కుక్కరు మూత. రబ్బరు, గాడి, మూత బిగించే తీరు, అన్నీ కొత్తగా. గీసే ఆరుగురిలోంచే ఒకరిని ఆ పనికి నాయకత్వం వహించడానికి ఎంచుతామని ఓక్తావియో ముందే చెప్పాడు. ఆ బల్లచుట్టూ కూర్చునే మగవాళ్ళలో ఒక్కరూ జన్మలో గాడిలోంచి పొట్టు తీసి ఉండరు. నాకా, ఆ మూత కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ఒకవైపు తెరిచిన గాడి, చెవిలాంటి అంచు పట్టుకుని లాగితే ఊడొచ్చే రబ్బరు. ఆ పని నాకు కావాలి. ఇంత గట్టిగా ఏదీ కోరుకున్నట్టు గుర్తులేదు. పెద్దాయన ఎర్నాండో పోయిన నెల రిటైరయ్యాడు, ఆరో కుర్చీ ఖాళీగా ఉంది. అది అడగాలని మెట్రో దిగేసరికి నిర్ణయించుకున్నాను.

గదిలోకి వెళ్ళేసరికి ఆ కుర్చీలో తతియానా ఉంది. ఎర్నాండో స్థానంలో కొత్తగా చేరిన అమ్మాయి. పెన్సిళ్ళు చెక్కుకుని, బడికి మొదటిరోజు వచ్చిన పిల్లలా నిటారుగా కూర్చుంది. అయినా ఓక్తావియో దగ్గరికెళ్ళి, ఈసారి నేనూ గీస్తానని అందరూ వినేలా చెప్పాను. నేనేదో గొడవకి సిద్ధపడి వెళ్ళానుగానీ, ఆయన అస్సలు గొడవపడలేదు.

"ఓస్, దానికేం భాగ్యం. కూర్చో. వాచీ తతియానాకివ్వు. కొత్తపిల్ల, చూసి నేర్చుకుంటుంది. రాత కూడా గుండ్రంగా ఉంటుంది."

తతియానా పెన్సిళ్ళు కూడగట్టుకుని లేచి, చెయ్యి చాపి, "ఇవ్వండక్కా, ఫర్వాలేదు" అంది. పదకొండేళ్ళ కిందట నేనూ సరిగ్గా అదే మాటన్నాను. ఫర్వాలేదు.

నిజం చెబుతున్నాను, ఇచ్చేయబోయాను. కుర్చీ అక్కడే ఉంది, ఇంకా వెచ్చగా కూడా ఉండుంటుంది. ఇన్నేళ్ళు నిలబడ్డాను, ఈ పిల్ల కొన్నాళ్ళు నిలబడితే ఏమైంది, దీనికీ రోజొస్తుంది, దీని తరవాత ఇంకో పిల్ల రాకపోదు అని నా మనసు చకచకా లెక్క కట్టేసింది. సరిగ్గా అప్పుడు అత్తగారి గొంతు వినిపించింది. ఈ సింకు ఆ పిల్లకి అప్పజెప్పి. నాకు సిగ్గేసింది. ఆవిడని మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆవిడకి మాత్రం ఆ ఇంట్లో ఎవరు చూపించారు వేరే దారి? సింకుకీ హాలుకీ మధ్య గడప దాటాలంటే ఇంకో ఆడది దొరకాలి, అంతే. హాల్లోవాళ్ళు లేవొచ్చని ఆవిడకి తోచలేదు. ఆ క్షణందాకా నాకూ తోచలేదు. వచ్చే ఆదివారం పీచు ఎవరి చేతిలో పెట్టాలో అప్పుడే తేలిపోయింది. ఎడిల్సన్‌కి చేతులు రెండూ బాగానే పనిచేస్తాయి.

"నువ్వు కూర్చో అమ్మా" అన్నాను తతియానాతో. ఆ పిల్ల ఓక్తావియో వైపు చూసింది, నావైపు చూసింది, నెమ్మదిగా కూర్చుంది.

ఓక్తావియో నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "మరి ఏడుగురవుతారుగా. కుర్చీలు ఆరే. వాచీ ఎవరు పట్టుకుంటారు?"

"ఎప్పుడూ మీరే అంటారుగా ఇంజినీర్ గారూ, వాచీ తటస్థుల చేతిలో ఉండాలని. నాయకత్వం ఈ ఆరుగురిలో ఒకరికి రావాలి. మీరు ఇప్పటికే చీఫ్. పోటీలో లేనిది మీరొక్కరే."

మౌరీసియో దగ్గాడు, అది నవ్వో దగ్గో తెలియలేదు. ఓక్తావియో తనకి ఇవన్నీ అలవాటు లేవని, నాలాగా ఎవరికీ రాదని ఏదో అన్నాడు. అయిదు నిమిషాలకోసారి పక్కకి ఇవ్వమనడమే కదా, మీరు చేయగలరు అన్నాను. ఎంత మర్యాదగా అన్నానంటే, ఆయనకి కోప్పడే సందు దొరకలేదు. లేచాడు. వాచీ ఆయన చేతిలో పెట్టి, ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఒక కాగితం ముందుకి లాక్కున్నాను.

"కానివ్వండి" అన్నాడాయన.

గదిలో పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. అన్నేళ్ళు ఆ చప్పుడు నిలబడి విన్నదాన్ని, అందులో నాదీ ఒకటి కలిసేసరికి కళ్ళు చెమర్చాయి. మొదటి గడిలో గాడి గీశాను. రెండోదాంట్లో రబ్బరుకి చెవి. మూడోది గీస్తుండగా, అప్పటిదాకా అనుకోని ఆలోచనొకటి తట్టింది, రబ్బరు మూతకి కాదు, గిన్నె అంచుకే ఉంటే ఎలా ఉంటుందని. అదే గీశాను. తలెత్తి చూస్తే ఓక్తావియో ఫోన్ చూసుకుంటున్నాడు. వాచీ బల్లమీద బోర్లా పడి ఉంది. అయిదు నిమిషాలు దాటిపోయాయి. నాకు వాచీ చూడక్కర్లేదు, నా ఒంటికే తెలుస్తుంది. మౌరీసియో పెన్సిల్ ఆపి అలవాటుగా నావైపు చూశాడు. మిగతావాళ్ళూ ఒకరి తరవాత ఒకరు నావైపే చూశారు. "పక్కకి ఇవ్వండి" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, తల వంచుకుని, కాగితం అంచున నాలుగో బొమ్మ మొదలుపెట్టాను.