భీవండి గాలి

అంబదాస్ పోయిన కబురు వచ్చిన రోజు పొద్దున నవీన డాబా మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. అది కరోనా రెండో ఏడు, వైశాఖం. ఎండ అప్పటికే చురచుర మంటోంది. కింద వాకిట్లో నీడకు కుర్చీ వేసుకుని కూర్చున్న తల్లి శంకరవ్వ, పైన జరిగేదంతా కళ్లకు కనబడుతున్నట్టే అక్కడి నుంచి అరుస్తోంది.

"దగ్గర దగ్గర పెట్టకే. ఒకదానికొకటి అంటుకుంటే ఇడదీసుడు నాతోని కాదు."

"దూరమే పెడుతున్ననే అవ్వా."

"బడిల పోరగాండ్లను కూసోవెట్టినట్టు పెట్టు. కరోనా దూరం." తన మాటకు తనే నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది.

అప్పుడే ఫోను మోగింది. భీవండి నుంచి ముష్తాక్. నవీన తమ్ముడు అంబదాస్ అక్కడి మరమగ్గాల కార్ఖానాలో నేత పనికి పోయి చాలా ఏళ్లయింది. ముష్తాక్ అదే కార్ఖానాలో మగ్గాలు బాగుచేస్తాడు. ఇద్దరిదీ ఈ మెట్‌పల్లే, ఇద్దరూ ఉండేది ఒకే గదిలో. దాన్ని అక్కడ ఖోలీ అంటారు.

"అక్కా," అన్నాడు ముష్తాక్. ఎప్పుడు మాట్లాడినా అతని వెనక మగ్గాల మోత ఉండేది. ఇవాళ లేదు. "దాసు పోయిండక్కా. రాత్రి. నన్ను లోపటికి రానియ్యలే. మున్సిపాల్టోళ్లే తీస్కపోయి కాల్చిండ్రు. నేను గేటు కాడికెళ్లి చూసిన. గంతే."

"అట్లనా," అంది నవీన.

చేతిలో గరిటె ఉంది. పిండి ఇంకా సగం గిన్నె ఉంది. చల్లారితే గట్టిపడుతుంది. ఫోను పక్కన పెట్టి ఆమె మిగిలిన వడియాలు పెట్టింది, ఒకదానికొకటి అంటుకోకుండా.

"ఎవలే ఫోను?" కింది నుంచి తల్లి అడిగింది.

"బడి నుంచి అవ్వా."

"ఎండకాలం గూడ ఇడువరా నిన్ను?"

అదీ మొదటి అబద్ధం.

ఎప్పటికీ దాచాలని ఆమె అనుకోలేదు. ఆ రోజుకు మాత్రమే అనుకుంది. చైత్రంలో శంకరవ్వకు కూడా కరోనా వచ్చింది. ఆక్సిజన్ దాకా పోయి తిరిగొచ్చింది. "గుండె బలం లేదు టీచర్, చెడ్డమాట చెవిన పడకుండ చూడుండ్రి," అని డాక్టరు చెప్పి పంపాడు. నవీన భర్త శ్రీహరి ఇచ్చోడలో బ్యాంకు ఉద్యోగం మీద ఉండిపోయాడు. ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరే. తమ్ముడు దవాఖానాలో ఉన్నాడని శంకరవ్వకు తెలుసు. తగ్గుతోందని నవీన చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు అది నిజమే.

నవీన పిల్లలకు తెలుగు చెబుతుంది. ఏ మాట ఎక్కడ పెట్టాలో నేర్పడమే ఆమె ఉద్యోగం. ఈ మాటకు కూడా సరైన చోటు దొరుకుతుందని ఆమె నమ్మింది. వంట చేస్తూ లోలోపల వాక్యాలు కట్టుకునేది. అవ్వా, దాసు మనకు లేడు. అవ్వా, దాసు ఇక రాడు. ఒక్కొక్కటీ కట్టి చూసుకుని, బాగాలేదని పక్కన పెట్టేది. ముందుజాగ్రత్తకు టీవీ తీగ పీకేసి, చెడిపోయిందని చెప్పింది.

వాడకు మాత్రం తెలిసిపోయింది. లాక్‌డౌన్‌లో పొద్దున పది దాకే బయట తిరగనిచ్చేవారు. ఆ వేళలో ఎదురింటి బాలవ్వ పెరుగు గిన్నె తెచ్చి, గడప అవతలే కూర్చుంది.

"ముఖమెందుకే గట్లున్నది?" అని శంకరవ్వ అడిగింది.

"ఎండకు."

"నీకు ఎండ తగలనిదెప్పుడు? పుట్టుడే ఎండకాలం పుట్టినవ్."

బాలవ్వ నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి గేటు దగ్గర నవీన చెయ్యి పట్టుకుంది. "పంతులమ్మా, ఊరందరికి ఎరుకైంది, కన్నతల్లికే ఎరుక లేదు. ఇదేం సదువే నీది?"

"చెప్త అత్తా."

"ఎప్పుడు? వానికి ఇష్టమైనయి వండి మేడ మీద పిట్టకు పెట్టాలె. పిట్ట ముట్టాలె. ముట్టకపోతే వాడు ఏడికి పోతడు? గాలిలనే తిరుగుతడు."

పది దాటాక వాడ నిర్మానుష్యమయ్యేది. తలుపులన్నీ మూసి ఉండేవి. వడగాలి ఒక్కటే రోడ్డు మీద కాగితాలను నెట్టుకుంటూ పోయేది. నవీన బట్టలు తీగ మీద వేసి చివరికి పోయేసరికి మొదట వేసినవి ఆరిపోయేవి.

ఒక మధ్యాహ్నం ఆమె గిన్నెలు కడుగుతుంటే తల్లి గదిలో మాటలు వినబడ్డాయి.

"తిన్నవా బిడ్డా?" కొంచెం ఆగి, "మల్ల పావ్ రొట్టెనే తిన్నవా? దవాఖానకు అన్నం వండి తెస్తే వానికి చేతులు అరిగిపోతయా? ఆ ముష్తాక్ గాడు గూడ నీ అసొంటోడే దొరికిండు." మళ్లీ నిశ్శబ్దం. అవతలి మనిషి ఏదో పెద్ద ముచ్చటే చెబుతున్నంత సేపు. తర్వాత శంకరవ్వ నవ్వు.

ముష్తాక్ జాలిపడి ఫోనులో దాసులాగా మాట్లాడుతున్నాడేమో అనుకుంది నవీన. సాయంత్రం అతనికి ఫోను చేసింది.

"అవ్వ నాకు ఫోను చెయ్యలే అక్కా. అవ్వతోని మాట్లాడే హిమ్మత్ నాకేడిది?"

దాసు ఫోను దవాఖానాలోనే పోయింది. ఆ నంబరుకు చేస్తే స్విచాఫ్ అని మరాఠీలో ఒక ఆడగొంతు చెప్పింది. తల్లి ఆ గొంతుతోనే మాట్లాడుతోందని, కొడుకు మీది బెంగ, మనాది మనిషిని ఎటైనా తీసుకుపోతుందని నవీన తనకు తాను నచ్చజెప్పుకుంది.

మర్నాడు తల్లి ఫోనుకు చార్జింగు లేదు. నవీన దాన్ని ముందుగదిలో తన పక్కనే గోడకు పెట్టి, కూరగాయలు తరుగుతూ కూర్చుంది. లోపల గదిలో శంకరవ్వ అంటోంది, "కోరుట్ల పిల్లట. బీడీలు చేస్తదట. నీకు నచ్చుతదో లేదో, ముందుగాల నువ్వు వాళ్లకు నచ్చద్దా?"

నవీన ఫోను వైపు చూసింది. అది అక్కడే ఉంది. నవీన కత్తిపీట పక్కన పెట్టి లేచింది.

తల్లి పడమటి కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉంది. చేతులు ఒడిలో ఉన్నాయి. ముఖం కిటికీ వైపుకు ఉంది.

"ఎవలతోనే అవ్వా?"

"ఎవలతోనేంది? దాసుతోని."

"ఫోను నా కాడ ఉన్నది గదా."

శంకరవ్వ తన ఖాళీ చేతులు చూసుకుంది. ఆశ్చర్యపోలేదు. "ఫోనెందుకే? గాలి మంచిగున్నది. వినవడుతుంది."

నవీన గుమ్మంలోనే నిలబడింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తన మెడ తడిగా ఉందని. మెట్‌పల్లి ఎండలో చెమట కనబడదు, పట్టేలోపే ఆరిపోతుంది. ఈ గదిలో గాలి జిడ్డుగా, బరువుగా ఉంది. బురద, చేప, మగ్గాల నూనె కలిసిన వాసన. ఆ వాసన ఆమె ఎరిగినదే. తండ్రి భీవండిలో నేసే రోజుల్లో అక్కాతమ్ముళ్లిద్దరూ అక్కడే పుట్టారు. సముద్రపు పాయ ఆ ఊరి పక్కదాకా వచ్చి ఆగుతుంది. ఎండాకాలమంతా దాని మీది గాలి ఖోలీల్లోకి వచ్చి, ఒంటికి అంటుకుని పోయేది కాదు.

ఆ తర్వాత ఆమె చూడకూడదనుకున్నవన్నీ కనబడసాగాయి. తల్లి గదిలో ఆరేసిన తువ్వాల రెండో రోజుకు కూడా ఆరలేదు. ఆ గది అలమరలో డబ్బాకెత్తి పెట్టిన వడియాలు మెత్తబడ్డాయి. వంటగదిలో జాడీ మూత తీస్తే ఉప్పు నీరై అడుగున నిలిచి ఉంది. వాకిట్లో నిప్పులు చెరుగుతున్న ఎండ, చేతిలో కరిగిన ఉప్పు. నవీన ఆ జాడీని తల్లికి చూపించింది. ఏదో ఒకటి అంటే ధైర్యంగా ఉంటుందనుకుంది.

"బియ్యపు గింజలెయ్యి దాంట్ల," అంది శంకరవ్వ. "భీవండిల గట్లనే చేస్తుంటిమి, మర్శినవా?"

ఒక రోజు మధ్యాహ్నం తల్లి మాట మారింది. తిండి ముచ్చట లేదు, పిల్ల ముచ్చట లేదు. "జర ఏడన్న నిలవడు బిడ్డా, పక్కకు నిలవడు," అంటోంది. నవీన పరుగున పోయింది.

"ఏమైందే?"

"గాలి మస్తు కొడుతుందట. వానట. రేకులు లేసిపోయినయట." శంకరవ్వ కిటికీ ఊచలు పట్టుకుని ఉంది. బయట మెట్‌పల్లి ఆకాశంలో మబ్బు తునక లేదు. "తడిసి ముద్దయిన అంటుండు. పొడి జాగ ఇంతంత గూడ లేదట. ఖోలీకి పొమ్మన్న. పోనియ్యరు అంటుండు. ఇదేం లోకమే నవీనా, మనిషి తన ఖోలీకి తను పోతందుకు ఎవని అడ్డం?"

నవీన దగ్గరికి పోయింది. తల్లి చేతిని ఊచల మీది నుంచి తీసింది. అరచెయ్యి తడిగా ఉంది. ఆ తడి వేళ్లకు తగిలి అంటుకుంది.

చీకటి పడకముందే ముష్తాక్ ఫోను చేశాడు. పొద్దటి నుంచి తుఫానని, కరెంటు లేదని, ఎవరి బండి మీది బ్యాటరీతోనో ఫోను చార్జి చేసుకున్నానని చెప్పాడు.

"అక్కా, నీకొకటి చెప్పాలె. పరేషాన్ గాకు. శ్మశానం కాడ బూడిద కుండలు పెట్టే షెడ్డు రేకులు ఎగిరిపోయినయి. దాసుది గూడ తడిసింది. మూతికి గుడ్డ కట్టి ఉండె, గందుకే బూడిద పోలే. నేను ఖోలీకి తీస్కపోతనన్న. ఇంటోళ్లకే ఇస్తం అన్నరు."

"మరి?"

"నేనే వాని తమ్మున్నని చెప్పిన. పేరేందన్నరు. ముష్తాకన్న. నా దిక్కు జరసేపు చూసిండ్రు. ఇంకేం అడగలే, ఇచ్చిండ్రు." అతను ముక్కు చీదుకున్నాడు. "మా ఖోలీల గోడ గూట్ల పెట్టిన. ఇప్పుడు పొడిగున్నది అక్కా."

"ముష్తాక్, ఇది అవ్వకు గాని చెప్పినవా? ఈ మధ్యాహ్నం?"

"యా అల్లా. నేనెందుకు చెప్త?"

మర్నాడు అన్నం పెట్టుకుంటూ శంకరవ్వ తనంతట తనే అంది. "ఇప్పుడు మంచిగున్నదట. పొడిగున్నదట. నిన్న నాకు పానం నిలువలే." అని కూర ఇంకొంచెం పెట్టించుకుంది. ఒళ్లు కోలుకుంటోంది. రోగం వచ్చినప్పటి నుంచి ఆమె అంత తినడం అదే మొదలు.

నవీన ముద్ద నోటి దాకా పోలేదు. తమ్ముడికి నిలబడటానికి ఖోలీలో ఒక గూడు తప్ప చోటు లేదు. ఉన్న చోటు నుంచి కదలడానికి ఎవరో ఒకరు నోరు విప్పాలి. తల్లికి చెబితే దినాలు జరుగుతాయి. ముష్తాక్ కుండ తెస్తాడు. ధర్మపురి పోయి గోదావరిలో కలుపుతారు. మేడ మీద పిట్టకు పెడతారు, పిట్ట ముడుతుంది. ఆ తర్వాత పడమటి కిటికీలోంచి వడగాలే వస్తుంది, అందరి ఇళ్లలోకి వచ్చినట్టు. ఆమెకు ఇదంతా తెలుసు. చేయవలసింది కూడా తెలుసు. గుండె బలం లేదన్న డాక్టరు మాటను అడ్డం పెట్టుకోవడానికి ఇక వీల్లేదు. తల్లి తన కళ్ల ముందే కడుపునిండా తింటోంది.

ఆ మధ్యాహ్నమే చెప్పాలని ఆమె గదిలోకి పోయింది. వాక్యం సిద్ధంగా ఉంది. చిన్నది, తప్పు లేనిది. తల్లి మంచం మీద కిటికీ వైపుకు తిరిగి ఉంది. నవీన అడుగు లోపల పెట్టగానే ఆ బరువైన గాలి ముఖానికి తగిలింది.

"అగో, అక్క అచ్చింది," అంది శంకరవ్వ, కిటికీతో. పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది. "కూసో. ఎప్పుడూ గుమ్మంలనే నిలవడతవ్. నీ తమ్ముడు నీ ముచ్చట అడగని రోజు లేదు."

నవీన కూర్చుంది. చీర వీపుకు అంటుకుంది. చెవులు రిక్కించి విన్నది. గాలి తప్ప ఏమీ లేదు. ఊచల మధ్య నుంచి వచ్చి, గదిలో ఆగి, మళ్లీ వస్తోంది. మనిషి మాట్లాడేటప్పుడు ఊపిరికి ఆగినట్టే ఆగుతోంది. ఆ గాలిలో గొంతు ఉందేమో అని ఆమె ఎంతసేపు వెతికిందో ఆమెకే తెలియదు. సిద్ధం చేసుకున్న వాక్యం నోట్లోనే ఉంది. దాన్ని బయట పెడితే ఈ కిటికీ ఉత్త కిటికీ అవుతుంది.

"ఏమంటుండు అవ్వా?" అంది.

శంకరవ్వ తల కొంచెం వంచి వింది. ఆమె నుదుటి మీద ముడత పడింది, సరిగా అర్థం కానట్టు. మళ్లీ వింది.

"అక్క ఎప్పుడు చెప్తది అని అడుగుతుండు."

ఎదురింటి రేకుల కప్పు ఎండకు టప్పున చప్పుడు చేసింది.

"ఏం చెప్పేదున్నదే నీకు?" శంకరవ్వ కూతురి వైపు తిరిగి, ముఖంలోకి చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. అడగవలసింది అడిగింది, అంతే.

నవీన నోరు తెరిచింది.

"ఏం లేదు అవ్వా," అంది. "తిన్నడా అని అడుగు."

వానకాలం వచ్చింది. లాక్‌డౌన్ ఎత్తేశారు. రైళ్లు నడుస్తున్నాయి. కుండ తీసుకుని రమ్మంటావా అని ముష్తాక్ అడుగుతూనే ఉన్నాడు, నేను చెప్తాను ఆగు అని నవీన అంటూనే ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక తల్లీ కూతుళ్లు ఇద్దరూ పడమటి కిటికీ దగ్గర కూర్చుంటున్నారు.

అంబదాస్ బూడిద భీవండిలో ముష్తాక్ గూట్లోనే ఉంది. గోదావరిలో కలపలేదు. పిట్టకు పెట్టలేదు. శంకరవ్వకు నవీన ఇంకా చెప్పలేదు.