ఒక్క మాటకే ఒప్పుకున్న బేరం

నేను గుడ్డల వ్యాపారిని. మతిమరుపు జబ్బుకి తయారవుతున్న కొత్త మందు మీద ఓ కన్నేసి ఉంచే నిపుణుల కమిటీలో నాకేం పనని బజారంతా నవ్వింది. డాక్టర్లతోపాటు ఒక మామూలు మనిషి కూడా ఉండాలని వాళ్ళ నియమం. మందు పరీక్ష సాగాలా, ఆగాలా అన్నది ఆ గదిలోనే తేలుతుంది.

కమిటీకి పెద్ద ఒక డాక్టరమ్మ. ప్రతి సమావేశం చివర కళ్ళజోడు తీసి నన్నే అడిగేది: "షావుకారుగారూ, మీ ఇంట్లో మనిషికైతే ఇస్తారా?" నేను గీచి గీచి బేరమాడేవాణ్ణి. మెదడులో వాపు ఎందరికొచ్చింది, తగ్గిందా, మళ్ళీ చూశారా అని ప్రాణం తీసేవాణ్ణి. "మీకు కూరగాయలమ్మేవాడు ఎలా బతుకుతున్నాడండీ?" అని ఆవిడ నవ్వేది.

మా ఆవిడకి అదే జబ్బు మొదలైందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. అవసరం మొహంలో కనపడితే బేరం చెడుతుంది. పైగా, ఇంట్లో రోగి ఉన్నవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోకూడదు. పరీక్ష సాగితే వచ్చే విడతలో ఆమెను చేర్పించవచ్చు. వేరే మందు లేదు. ఆఖరి సమావేశం రోజు పొద్దున మా ఆవిడ నన్ను చూసి, "యజమాని ఇంకా రాలేదు, కూర్చోండి" అంది. ఇంట్లో వదలలేక కోడలితోపాటు తీసుకొచ్చి, కమిటీ ఆఫీసు కింద బెంచీ మీద కూర్చోబెట్టాను.

పైన తెర మీద ఫలితాలు వేశారు. మందు వాడినవాళ్ళకి జ్ఞాపకం కాస్త నిలిచింది. కొందరికి మెదడులో రక్తస్రావమైంది. లాభం పిడికెడు, నష్టం బండెడు. ఇలాంటి సరుకుని నేను కొట్టు గుమ్మం ఎక్కనివ్వను. డాక్టర్లు సగం అటు, సగం ఇటు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది.

"షావుకారుగారూ, మీ ఇంట్లో మనిషికైతే?"

"ఇస్తానండి."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఒక్క మాట కూడా బేరమాడలేదే. రక్తస్రావం సంగతైనా అడగలేదు. ఇంట్లో ఎవరికండీ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"మా ఆవిడకి."

"బయట కూర్చోండి," అంది మెల్లగా.

"అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. కొద్దిమందికైనా సాగనివ్వండి. ప్రమాదమని తెలిసే తీసుకుంటాం."

"ఆ మాట మీరు అనకూడదు. నేను వినకూడదు."

వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. తలుపు తెరుచుకునేసరికి అంతా అయిపోయింది. ఆపేశారు. ఎప్పటిలా బేరమాడి ఉంటే నేనే ఆపమనేవాణ్ణి. ఎటునుంచి తూచినా ముల్లు అటే మొగ్గుతోంది.

కిందకి దిగాను. నన్ను చూడగానే మా ఆవిడ మొహం విప్పారింది.

"బేరం కుదిరిందా?"

"లేదు."

"తొందరపడుంటారు. మనసుపడ్డ సరుకు దగ్గర మీకు బేరం చేతకాదు. ఎన్నిసార్లు చెప్పాను?"

ఇదొక్కటీ మరిచిపోలేదు. కోడలు మొహం పక్కకి తిప్పుకుంది. చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపిస్తుంటే మళ్ళీ అడిగింది.

"బేరం కుదిరిందా?"

"కుదిరిందే," అన్నాను.

"మరి సరుకెప్పుడొస్తుంది?"