ఒకే ముఖం ముప్పై ఎనిమిదిసార్లు

ఆదివారం ఉదయం మా హాలులో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: కిటికీ పక్క కుర్చీలో నేను, విశ్రాంత రిజిస్ట్రారును; సోఫాలో, ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో మా చిన్నమ్మాయి; ఆమె పక్కన, ఉతికిన బట్టలు మడతపెడుతూ నా భార్య.

అమ్మాయి మర్నాడు కొత్త రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియనుగా చేరవలసి ఉన్నది. ఉద్యోగస్థులు పరిచయాలు పెంచుకునే సైటులో తన వివరాలు ఎవరికి కనబడాలో తేల్చుకుంటున్నది. తేల్చుకోవడమేమిటి, ఫొటో, ఊరు, ఉద్యోగం, అన్నిటికీ తలుపులు మూసేస్తున్నది. నాకు చిరాకు కలిగింది.

"ముప్పై నాలుగేళ్ళు నా గది తలుపు మీద నా పేరూ హోదా అందరూ చదివారు. ఏం దొంగతనం చేశావని దాక్కుంటున్నావు?"

"మీ తలుపు దగ్గర ఎవడూ కాపు కాయలేదు నాన్నా," అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

ఆమె పేజీని చూసి వెళ్ళినవారి పట్టిక అది. పైనుంచి కిందిదాకా టై కట్టుకుని నవ్వుతున్న ఒకే ముఖం. పాత ల్యాబు మేనేజరు. ఈ నెలలో ముప్పై ఎనిమిదిసార్లు.

"దూరమని మానేశానని మీతో అన్నాను. దూరం కాదు. నేను బట్టలు మార్చుకునే గది బయట నిలబడేవాడు. బస్‌స్టాపు దాకా వెంట వచ్చేవాడు. ఎక్కడ చేరుతున్నానో తెలిస్తే అక్కడికీ వస్తాడు."

"నీకు తెలుసా?" అని నా భార్యను అడిగాను.

"నాకు చెప్పుకోక మీకు చెబుతుందా? మీరైతే రాతపూర్వకంగా ఇమ్మంటారు!"

కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ చూశాను. ఆ ముఖాన్ని నేనెరుగుదును. పది రోజుల క్రితం అదే సైటులో నన్ను పలకరించాడు. తప్పు పట్టడానికి వీలులేని ఇంగ్లీషు. అమ్మాయికి అనుభవపత్రం పంపాలట. కొత్త సంస్థ చిరునామా దయచేసి తెలుపవలెనట. నా సుదీర్ఘ సేవను కూడా కొనియాడాడు. ఆ పొగడ్తకు నేను రెండుసార్లు ధన్యవాదాలు చెప్పుకున్నాను. ఆ సంగతి తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతున్నది.

జరిగినది చెప్పాను. అమ్మాయి నా ఫోను వైపు చూసింది.

"చిరునామా పంపేశారా?"

"జవాబు రాసి ఉంచాను. వీధి నంబరు సరిచూశాక పంపుదామని ఆగాను."

"బతికించారు," అన్నది నా భార్య.

"ఇప్పుడతనికి మర్యాదగా ఒక తిరస్కార లేఖ..."

"ఆ వెధవకి మళ్ళీ మర్యాదేమిటండీ! ఇంగ్లీషు బాగుంటే మనిషి బాగున్నట్టేనా? ఇలా ఇవ్వండి!" అని నా ఫోను లాక్కుని, "ఎక్కడ నొక్కాలే?" అని కూతుర్ని అడిగింది.

అమ్మాయి వేలితో చూపింది. నా భార్య నేను రాసి ఉంచిన జవాబును తుడిచేసింది. వాడిని బ్లాక్ చేసింది. నా పరిచయాల పట్టికను ఎవరికీ కనబడకుండా మూసింది. మరుక్షణమే ఆ సైటు, మీకు తెలిసినవారు కావచ్చునంటూ, అదే ల్యాబులోని మరో పదిమందిని నా ముందు నిలబెట్టింది. పళ్ళికిలించే ఆ ఫొటోలను చూడలేక ముఖం తిప్పుకున్నాను.

నేను లేఖలోని మర్యాదను గురించి యోచిస్తున్న వ్యవధిలో, నా అనుమతికై వేచియుండక, మా అమ్మాయి చిరునామాను ఆ మనిషి చేతికి చిక్కకుండా కాపాడినది నా భార్య. ఈ సంగతిని కృతజ్ఞతాపూర్వకముగా ఇందుమూలముగా నమోదు చేయుచున్నాను.