ఎర్రగుడ్డ పట్టుకున్న మౌలాలీ

దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో మౌలాలీ పద్దెనిమిదేళ్లు తూటాలు పేల్చాడు. నలభై ఆరేళ్లొచ్చేసరికి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. వినపడనివాడు తూటాల దగ్గర ఉండకూడదంటూ 1986 వేసవిలో కంపెనీ అతన్ని ఇంటికి పంపేసింది. ఆ చెవులు ఎక్కడ పోయాయో ఒక్కరూ అడగలేదు.

పొద్దున్నే చొక్కా తొడుక్కుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయేవాడు. టీకొట్టులో వాళ్లు దర్గాకు వెళ్లిరమ్మన్నారు. బావమరిది సోడా బండి పెట్టుకోమన్నాడు. ఏదీ మనసుకు ఎక్కలేదు. ఒకరోజు కూరలో ఉప్పు చాల్లేదని భార్య మైమూనా మీద కేకలేశాడు.

"నా మీద అరిస్తే నీ చెవులొస్తయ్యా? నిన్ను ఎల్లగొట్టినోళ్ల మీద ఎయ్యి ఆ కేకలు," అందామె.

నవంబరులో వాళ్ల వీధిలోని దయామణి పత్తి తీతకు క్వారీ పక్క దారిన పోతుంటే, తూటా పేలి రాయి వచ్చి తగిలింది. కాలు విరిగింది. మౌలాలీ చూడబోయాడు.

"ఎర్రజెండా పట్టుకుని ఎవరూ నిలబడలేదా అమ్మా?"

"జెండా ఏంది అన్నా, ఒక్క మనిషి లేడు."

అతని ఒళ్లు మండిపోయింది. ఆ దారిలో ఎప్పుడూ ఇద్దరు జెండాలతో జనాన్ని ఆపుతూ కాపలా ఉండేవాళ్లు. వాళ్లనీ తీసేశారన్నమాట. మర్నాడే కర్రకు ఎర్రగుడ్డ కట్టుకుని, తూటాలు పేల్చే వేళకు దారికి అడ్డంగా నిలబడ్డాడు. కూలీలను ఆపాడు. రోజూ అంతే.

మేనేజరు గోపాలకృష్ణయ్య జీపు ఆపి, "నిన్నెవరు పెట్టారయ్యా ఇక్కడ?" అని గద్దించాడు.

"పెట్టాల్సింది మీరు. మీరు పెట్టలా, అందుకే నిలబడ్డా."

వారం తర్వాత ప్రమాదం మీద విచారణకు గనుల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి, అదే మేనేజరు అతన్ని ఆఫీసుకు పిలిపించి కుర్చీ వేయించాడు. ప్రమాదం జరిగిన రోజు జెండా మనిషి ఉన్నాడని చెబితే, గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేస్తానన్నాడు.

ఖాకీ చొక్కా, చేతిలో కర్ర, మళ్లీ ఒక పని. ఆర్నెల్లుగా మౌలాలీ కోరుకున్నది అదే. మరుక్షణం లేచి నిలబడ్డాడు.

"ఆమె కాలు విరగ్గొట్టి, ఆ అబద్ధం నా నోటితో చెప్పిస్తారా? నన్ను ఎంత నీచంగా లెక్కేశారు సార్."

ఇన్‌స్పెక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. నెల తిరక్కుండా దారిలో ఇద్దరు జెండా మనుషులను వేశారు. మౌలాలీని వేయలేదు. దయామణి నష్టపరిహారం అర్జీని కంపెనీ ముట్టుకోనైనా లేదు. కోర్టులో దావా వేయడానికి ఆమె భర్త దానయ్యను వెంటబెట్టుకుని మౌలాలీ గురజాల బస్సెక్కాడు.

"ఇయ్యాల కాకపోతే ఏం చేద్దామన్నా?" అన్నాడు దానయ్య.

"రేపొద్దాం. వాళ్లు ఇచ్చిందాకా నా పని ఇదే."