చెమర్చని మచ్చ

మృగశిర కార్తె ప్రవేశించిన నాటి ప్రాతఃకాలమున పడమటి కొండల వెనుకనుండి కాటుకకరడులవంటి మేఘములు బారులుదీరి వచ్చి యుదయభానుని మసకబారిన కంచుపళ్లెమువలె జేసి గాలికి దారి యీయక మూతవెట్టిన కుండవలె లోకమునెల్ల నుక్కపోయించుచుండెను. పొడిదుక్కిలో విత్తి వాన కెదురుచూచుట యా నల్లరేగడి సీమ వాడుక. వానయే ముందైనచో కాలు దిగబడి దినములకొలది విత్తు వేయు గొర్రు సాగదు.

ఆ వేళ పిచ్చయ్య వాకిట రైతులు గుమిగూడిరి. అతని కూతురు నాంచారమ్మ యెడమ మణికట్టుపై పుట్టుకతోనే నీలారుణవర్ణపు మచ్చ యొకటి గలదు. ఉక్క హెచ్చినపుడెల్ల నది బొట్లుబొట్లుగా చెమర్చును. వ్రేలు సోకినంతనే నిప్పుకణిక యదిమినట్లు మండును. ఏటేట పెద్దకాపు వీరరాఘవయ్య దానిని బొటనవ్రేలితో నదిమి తడి తగిలిన విత్తుమనుటయు తగులకున్న నాగుమనుటయు నాయూరి యాచారమయ్యెను. పిల్ల పెదవి కొఱుకుకొనుట గని దేవత పూనుచున్నదని జనులు మ్రొక్కుచుండగా పిచ్చయ్య మీసము మెలివెట్టెడివాడు.

చేయి గుండెల కదుముకొని కూతురు మూల్గుట నెఱిగినది తల్లి రంగమ్మ యొక్కతె. ఆమె మొన్నటి చలికాలమున పుట్టింటికని చెప్పి పట్టణమునకు గొనిపోయి చర్మవైద్యురాలికి జూపెను.

"చెమట గ్రంథులు, సన్నటి రక్తనాళాలు ముడిపడి పెరిగిన మచ్చమ్మా ఇది. చాలా అరుదు. ప్రాణభయం లేదు. లేజర్‌తో విడతలుగా కాలుస్తాం. నొప్పి తగ్గొచ్చు, మచ్చ పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను" అని వైద్యురాలు పలికెను.

పుట్టింటి నెపముననే విడతలన్నియు సాగి వేసవి కడచునప్పటికి మచ్చ వెలవెలబోయెను. నిండుగాజులతో తండ్రి కంటబడకుండ దానిని గప్పుకొనిన నాంచారమ్మ బుద్ధియెఱిగిన పిమ్మట మొదటిసారి యా చేతిని తలక్రింద నిడుకొని నిద్రించెను.

నేడు వీరరాఘవయ్య గాజులు పైకి ద్రోసి యదిమెను. తడి లేదు. మరల గట్టిగా నదిమెను. పిల్ల పెదవి కదలలేదు.

"ఏందే, నెప్పి లేదూ?"

"లేదు పెదనాయనా. పట్నంలో లేజరు పెట్టిచ్చుకున్నా."

"ఓరి పిచ్చయ్యా! నీ కూతురు గుడి పడగొట్టి సున్నమేసుకొచ్చిందిరా!"

జనులు నవ్విరి. ఆ నవ్వులో ప్రేమ లేదు.

"మబ్బు కళ్ల ముందే ఉంది గదా పెదనాయనా! ఈ ఉక్క మీకు పోయట్లా? ఇత్తనం ఎయ్యండి."

"మబ్బుకేం తెలుసే!" అని యాతడు ముఖమున గారుచున్న చెమటను తువ్వాలుతో నొత్తుకొనుచు వెడలిపోయెను. తక్కినవారును వెంబడించిరి.

"మనమన్నా ఏద్దామయ్యా" యని రంగమ్మ వేడెను.

"ఊరంతా ఆగితే నేనొక్కణ్ణే ఏసి నవ్వులపాలు కానా? తల్లీకూతుళ్లు చేసింది చాల్లే."

ప్రొద్దు వాలకముందే కుంభవృష్టి గురిసెను. విత్తని చేలన్నియు మోకాటిలోతు బురదయయ్యెను.

దీపము వెట్టిన పిదప మువ్వురును జొన్నసంకటి ముందు గూర్చుండిరి. రంగమ్మ పచ్చిపులుసు వడ్డించెను. నొప్పి పోయినదా తల్లీ యని యొక్కమాట తండ్రి యడుగునేమో యని నాంచారమ్మ ముద్ద చేతబట్టుకొని కొంతతడవు నిలిచెను. పిచ్చయ్య తల యెత్తక భుజించుచుండెను. ఆమెయు ముద్ద నోటనిడుకొనెను.