మంగాయమ్మ పస్తు

రత్నమణి రాసిన కథ వారపత్రికలో అచ్చయిందని స్టీల్ ప్రాజెక్టు ఆఫీసులో మొదట గమనించింది సూపర్నెంటు గారే. తన దగ్గర టైపు కొట్టే అమ్మాయి ఇంతటిదని ఆయన అనుకోలేదు. "పేదరికాన్ని కళ్లకు కట్టావమ్మా. చూసినవాళ్లు తప్ప ఇలా రాయలేరు" అన్నారు.

నిజమే, చూసింది. తల్లి పోయాక ఆమె పెరిగింది హార్బరు పక్కన జాలారి వీధిలోనే. పక్కింటి మంగాయమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మేది. పొయ్యి వెలగని రోజున మాత్రం ఆకూ వక్కా నమిలి, నోరు ఎర్రగా పండించుకుని గుమ్మంలో కూర్చునేది. కడుపునిండా తిన్నదని నలుగురూ అనుకోవాలి గదా! ఆ గుట్టు రత్నమణికి ఒక్కదానికే తెలుసు. కథంతా దాని మీదే నడిపింది. పేరు మారిస్తే అబద్ధమైపోతుందని పేరు కూడా మార్చలేదు.

ఆదివారం చర్చి అవగానే పత్రిక పట్టుకుని జాలారి వీధికి వెళ్లింది. ఆమెను చూసి కుళాయి దగ్గర ఆడవాళ్లు మాటలాపేశారు. మంగాయమ్మ గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తలేదు.

"అత్తా, నీ మీద కత రాసినాను."

"ఇన్నాను. మా మరిది ఎల్లారావు కుళాయి కాడ అందరికీ సదివినాడు" అంది మంగాయమ్మ. "ఇన్నేళ్లు దాసుకున్నానే! ఇప్పుడు నాను ఆకేసుకుంటే ఈదంతా నా పొట్టకేసి సూత్తన్నాది."

"నిజమే కదత్తా రాసినాను."

"ఏటి నిజం? నాను పస్తున్ననాడు నా సట్టిలో గెంజి తాగిందెవులు? నువ్వు కాదేటి? అది రాయలేదేం?"

రత్నమణి చేతిలోని పత్రిక మడిచేసింది. ఆ కథలో చూసే పిల్ల ఉంది గానీ తాగే పిల్ల లేదు.

తిరిగొచ్చి, తానుంటున్న హాస్టలు గదిలో మళ్లీ మొదటినుంచి రాసింది. ఈసారి మంగాయమ్మ పేరు మార్చి, కథలో పిల్లకి తన పేరే పెట్టింది. ఎదురుగా ఉన్న మనిషి తిన్నదో లేదో అడగకుండా గంజి తాగేసిన పిల్ల గురించి రాసింది. మరుసటి ఆదివారం వెళ్లి ఆ గుమ్మంలోనే చదివి వినిపించింది.

మంగాయమ్మ చివరిదాకా విన్నది. "ఉప్పెక్కువైనాదని ఏడిసినావు. అదీ రాయి" అంది.

"రాత్తాను అత్తా."

"రాసి పంపించు. కానీ ఇంక ఇటు రాకే. నువ్వు కూకుంటే ఏటి సూసి ఎల్తావోనని నాకు సేతులాడవు."

కోపంతో అన్నా బాగుండేది. అలసిపోయిన మనిషి అన్నట్టు అంది. రత్నమణి లేచి వచ్చేసింది.

రెండో కథ కూడా అచ్చయింది. ఆఫీసులో ఎవరూ దాని ఊసెత్తలేదు. సూపర్నెంటు గారు ఒకసారి ఆమెకేసి చూసి, ఫైలు అందించారు.

ఆ ఆదివారం చర్చి బయట బస్టాపులో నిలబడింది. హార్బరు బస్సు వచ్చి ఆగింది. లోపల గంపలు పెట్టుకున్న ఆడవాళ్లు గట్టిగా నవ్వుకుంటున్నారు. "ఎక్కుతావేటమ్మా?" అన్నాడు కండక్టరు.

తల అడ్డంగా ఊపింది. బస్సు కదిలిపోయింది.